కదలకపోతే నిద్రపోయినట్టేనా?

ఆగస్టు 25

రేపు కొత్త పీజీలకు క్లాసు. బోర్డు మీద ముందు మూడు మాటలు రాయాలి: నిద్ర, నొప్పి తెలియకపోవడం, కదలకపోవడం. మొదటిది ప్రొపోఫాల్ పని, రెండోది ఫెంటానిల్ పని, మూడోది అట్రాక్యూరియం పని. పేషెంటు ఇంటివాళ్లకు మూడూ కలిపి ఒక్కటే, మత్తు ఇంజెక్షన్. వాళ్లు అలా అనుకుంటే ఏ నష్టమూ లేదు. మత్తు డాక్టరే అలా అనుకుంటే టేబుల్ మీద ఉన్న మనిషికి నష్టం.

అట్రాక్యూరియం లాంటి మజిల్ రిలాక్సెంట్లు మెదడులోకి వెళ్లవు. నరం కండరాన్ని కలిసే చోట, అసిటైల్‌కోలిన్ వచ్చి అందుకోవాల్సిన స్థానాల్లో ఇవి అడ్డం కూర్చుంటాయి. చెయ్యి ఆడదు, రెప్ప లేవదు. ఊపిరి తీసే డయాఫ్రమ్ కూడా ఆగుతుంది కాబట్టే ట్యూబ్ వేసి వెంటిలేటర్ తగిలిస్తాం. గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది. చెవి వింటుంది, చర్మానికి కత్తి తెలుస్తుంది. నిద్రమందు తక్కువైనా, మధ్యలో అయిపోయినా, అసలు రక్తంలోకే చేరకపోయినా మనిషి మేలుకుంటాడు. బయట గొళ్లెం పెట్టిన గదిలో మేలుకున్నవాడి పరిస్థితి. తలుపు కొట్టడానికి చేతులు కూడా లేవవు.

ఆగస్టు 26

క్లాసులో ఒక అమ్మాయి అడిగింది: "మెలకువ వస్తే పల్స్, బీపీ పెరుగుతాయి కదా మేడమ్. కన్నీళ్లు కూడా వస్తాయంటారు. తెలిసిపోదా?"

కొన్నిసార్లు తెలుస్తుంది. కానీ బీటా బ్లాకర్ వాడే పేషెంటుకు పల్స్ పెరగకపోవచ్చు. రక్తం పోతున్నవాడికి బీపీ ఎలాగూ పడిపోయి ఉంటుంది. ఫెంటానిల్ బాగా పడితే రెండూ నిలకడగానే కనిపిస్తాయి. కళ్లకు టేపు వేసి ఉంటుంది, కన్నీళ్లు ఎవరు చూడాలి? పెరిగితే అనుమానించాలి. పెరగనంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. ఈ రెండో వాక్యాన్ని నోట్సులో గీత గీసి రాసుకోమన్నాను.

ఆగస్టు 29

ఉస్మానియా యూనివర్సిటీలో నడక. తార్నాక వినాయక పందిళ్ల మైకులు ఆర్ట్స్ కాలేజీ దాకా వినిపిస్తున్నాయి. రోజూ ఎదురయ్యే రిటైర్డ్ చరిత్ర లెక్చరర్ గారు ఆపి, "మీ మత్తు శాస్త్రంలో మన ఊరి పేరు ఉందటగా?" అన్నారు.

ఉంది. హైదరాబాద్ క్లోరోఫారం కమిషన్లు. మొదటిది 1888లో, రెండోది 1889లో. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చాడు. రెసిడెన్సీ సర్జన్, హైదరాబాద్ మెడికల్ స్కూల్ ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు. రెండో కమిషన్‌కు లండన్ నుంచి 'లాన్సెట్' పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల కుక్కల మీద ప్రయోగాలు చేసి తేల్చిందేమిటంటే, క్లోరోఫారంతో ముందు ఆగేది ఊపిరి, గుండె కాదు. కాబట్టి ఊపిరి ఒక్కటి చూసుకుంటే చాలు. ఆ స్కూల్లోనే చదివిన రూపాబాయి ఫర్దూన్జీ ఈ ఊళ్లో క్లోరోఫారం ఇచ్చేది. మత్తు డాక్టర్లయిన తొలి ఆడవాళ్లలో ఆమె పేరు చెబుతారు.

"మరి ఆ కమిషన్ చెప్పింది నిజమేనా?" అన్నారాయన. సగమే. తేలికపాటి క్లోరోఫారంలో గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. ఊపిరి చూడమనడంలో తప్పు లేదు. అదొక్కటే చాలనడంలో ఉంది తప్పంతా.

ఆయన వెళ్లాక తోచింది: లారీ కాలంలో మత్తు చాలకపోతే రోగి కదిలేవాడు, మూలిగేవాడు, తన్నేవాడు. అదే గంట మోగినట్టు లెక్క. ఆ గంటను మేమే ఆపేశాం.

సెప్టెంబర్ 1

ఆపిన తేదీ కూడా ఉంది. 1942 జనవరి 23, మాంట్రియల్. హెరాల్డ్ గ్రిఫిత్, ఎనిడ్ జాన్సన్ కలిసి ఆపరేషన్‌లో క్యురారే వాడారు. దక్షిణ అమెరికా అడవుల్లో బాణాలకు పూసే విషం అది. పొట్ట కండరాలు మెత్తబడ్డాయి, సర్జన్ల పని సులువైంది. కండరాలు వదులు కావడం కోసమే మత్తును ప్రమాదకరమైనంత లోతుకు తీసుకెళ్లాల్సిన అవసరం తప్పింది. ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన మందు, సందేహం లేదు. మత్తు ఎంత తేలికగా ఉన్నా బయటికి కనబడకుండా చేసిందీ అదే.

సెప్టెంబర్ 2

క్యురారేకే మత్తు గుణం ఉందేమోనని మొదట్లో కొందరు నమ్మారు. 1947లో ప్రచురితమైన ప్రయోగంలో, అమెరికాలోని ఉటాలో స్కాట్ స్మిత్ అనే మత్తు డాక్టర్ తనకే ఎక్కించుకున్నాడు, ఊపిరి కూడా ఆగేంత మోతాదు. పక్కవాళ్లు ఊపిరి అందించారు. తేరుకున్నాక, ఆ సేపట్లో జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. నొప్పి తగ్గలేదు, స్పృహ మసకబారలేదు. ఆ సందేహం ఆనాటితో తీరిపోవాలి. ఐసీయూల్లో "పేషెంటు వెంటిలేటర్‌తో ఫైట్ చేస్తున్నాడు, వెక్ ఇచ్చేయండి" (వెక్యురోనియం, అదీ రిలాక్సెంటే) అనే మాట విన్నప్పుడల్లా, ఇంకా పూర్తిగా తీరలేదేమో అనిపిస్తుంది.

సెప్టెంబర్ 5

వీధి చివర కిరాణా సేటుగారికి గాల్ బ్లాడర్‌లో రాళ్లు. ఆపరేషన్ మా దగ్గరే. పీఏసీకి, అంటే ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు చేసే పరీక్షకు, వచ్చి కూర్చున్నాడు. షుగర్, బీపీ, దగ్గు, కట్టుడు పళ్లు అన్నీ అయ్యాయి. చివరి ప్రశ్న, ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు ఇబ్బంది వచ్చిందా?

"ఇబ్బందంటే ఏం లేదు డాక్టరమ్మా. మా చిన్నమ్మ ఆపరేషనైనంక పొద్దుగూకే దాంక లేవలే. ఊపిరి కూడ మిషన్‌తోటే. అప్పటి డాక్టర్లు ఒళ్లు వీకున్నదన్నరు."

ఏ ఆపరేషన్ అని అడిగాను. గర్భసంచిదట, ఎప్పుడో, ఎక్కడో. కాగితాలేమీ లేవు. లేచాక ఆవిడ ఏమైనా చెప్పిందా అంటే కాసేపు ఆగి అన్నాడు: "అందరి మాటలు వినబడ్డయని చెప్తుండె. మేం నమ్మలే. మత్తుల ఉన్నదానికి ఎట్ల వినబడ్తయని."

ఆయన వైశ్యుడు. సూడోకోలినెస్టరేజ్ పరీక్ష రాశాను.

సెప్టెంబర్ 6

ఎందుకు రాశానో పీజీలకు చెప్పినది, ఇక్కడ క్లుప్తంగా.

స్కోలిన్, అంటే సక్సామిథోనియం, అర నిమిషం నుంచి నిమిషంలోపే కండరాలను పడేస్తుంది. కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. తేలడానికి కారణం రక్తంలోని బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము. ఆసుపత్రిలో మేం సూడోకోలినెస్టరేజ్ అంటాం. అది మందును వెంటవెంటనే ముక్కలు చేస్తుంది. ఎంజైము పుట్టుకతో లోపించినవాళ్లలో అదే మోతాదు గంటల తరబడి దిగదు. నిద్రపుచ్చడానికి ఇచ్చిన ఒక్క మోతాదు ప్రొపోఫాల్ మాత్రం అందరిలో లాగే పది నిమిషాలకు దిగిపోతుంది. చిన్న ఆపరేషన్ అయిపోయిందని మత్తు గ్యాస్ కట్టేస్తారు. ఇప్పుడు మెదడు లేచింది, ఒళ్లు లేవలేదు. చుట్టూ ఉన్నవాళ్లు "ఇంకా లేవట్లేదేంటి" అని మాట్లాడుకుంటుంటారు, ఆ మాటలన్నీ పేషెంటు వింటుంటాడు.

ఈ లోపానికి విరుగుడు ఇంజెక్షన్ లేదు. రోక్యూరోనియం, వెక్యురోనియంలను తిప్పేసే సుగమాడెక్స్ స్కోలిన్‌ను ముట్టుకోదు. చేయగలిగింది రెండే. ఊపిరి ఇస్తూ ఉండాలి, నిద్ర ఇస్తూ ఉండాలి. మణికట్టు దగ్గరి నరం మీద నర్వ్ స్టిమ్యులేటర్ పెట్టి, బొటనవేలి కండరం గట్టిగా బదులు పలికేదాకా మత్తు ఆపకూడదు. లేపడానికి తొందరపడటమే ఇక్కడ హింస.

మామూలు జీవితంలో ఈ లోపంతో ఏ బాధా ఉండదు. ఆ మందు పడితే తప్ప మనిషికి తన ఒంట్లో ఇది ఉన్నట్టే తెలియదు.

సెప్టెంబర్ 7, ఆదివారం

హబ్సిగూడ వైపు వెళ్తూ సీసీఎంబీ గోడ పక్కన ట్రాఫిక్‌లో ఆగాను. తార్నాకలో ఇన్నేళ్లుగా ఉంటున్నాం. ఐఐసీటీ, ఎన్ఐఎన్, ఎన్జీఆర్ఐ, సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలు బస్‌స్టాపుల పేర్లుగానే అలవాటైపోయాయి.

సేటుగారి చిన్నమ్మ కథకు వివరణ ఈ గోడ వెనక ఉంది. 2009లో సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందంతో కలిసి భారతీయ జనసమూహాల జన్యుచరిత్ర మీద 'నేచర్'లో వ్యాసం రాశారు. అందులో వైశ్యుల ప్రస్తావన ఉంది. చాలా తక్కువమంది మూలపురుషుల నుంచి ఆ సమూహం పెరిగిందనీ, అది వంద తరాలకు పైగా వెనకటి మాటనీ, అప్పటినుంచీ పెళ్లిళ్లు లోపల్లోపలే జరుగుతున్నాయనీ జన్యువులు చెప్పాయి. 2017లో సీసీఎంబీ భాగస్వామ్యంతోనే వచ్చిన మరో వ్యాసం ఇంకాస్త ముందుకెళ్లింది. ముప్ఫై లక్షలకు పైగా ఉన్న వైశ్యుల్లో ఈ ఎంజైము లోపం మిగతావాళ్లకంటే సుమారు 100 రెట్లు ఎక్కువ అని రాసింది. అంతకుముందే 2006లో కోయంబత్తూరు పరిశోధకులు, ఆ లోపానికి కారణమైన జన్యుమార్పును వైశ్యుల్లోనే గుర్తించి ప్రచురించారు.

ముప్ఫై లక్షలంటే చిన్న తెగ కాదు. అయినా జన్యుపరంగా ఊరంత కుటుంబంలా మిగిలింది. ఇది ఒక్క వైశ్యుల సంగతే కూడా కాదు. 2017 వ్యాసంలో పరిశీలించిన రెండు వందల అరవైకి పైగా దక్షిణాసియా సమూహాల్లో 81 ఇలాంటివే. ఒక్కో సమూహంలో ఒక్కో లోపం దాక్కుని ఉండొచ్చు. వైశ్యులది మా ఓటీ బల్ల మీద బయటపడే రకం, అంతే.

సీసీఎంబీలో ఉన్న ఆ విషయం మా పీఏసీ ఫారం మీదికి రావడానికి దూరం మూడు బస్‌స్టాపులు కూడా లేదు. ఫారంలో ఆ గడి మాత్రం ఇప్పటికీ లేదు.

సెప్టెంబర్ 9

ల్యాబ్ నుంచి ఫోన్. "మేడమ్, ఈ పేషెంటు మందు తాగిండా? కోలినెస్టరేజ్ మరీ కింద ఉంది."

ఆ కుర్రవాడు అడిగినదాంట్లో తప్పు లేదు. మా దగ్గర ఈ పరీక్ష జరిగేదే పురుగుమందు కేసులకు. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఈ ఎంజైమునే చంపేస్తాయి. తాగలేదు నాయనా, పుట్టుకతోనే అంత అని చెప్పాను.

ఫోన్ పెట్టేశాక ఇంకో ముడి కనిపించింది. పురుగుమందు తాగి ఊపిరి అందక వచ్చిన రైతుకు క్యాజువాలిటీలో హడావిడిగా ట్యూబ్ వేస్తారు. స్కోలిన్ ఇస్తే అతనికీ గంటల తరబడి దిగకపోవచ్చు, పుట్టుకతో ఎంజైము నిండుగా ఉన్నవాడైనా సరే. గర్భిణుల్లోనూ ఈ ఎంజైము కొంత తగ్గుతుంది. వంశం అడగాలి, ఏం తాగాడో అడగాలి, ఎన్నో నెలో అడగాలి. అడిగితే పోయేదేముంది?

సెప్టెంబర్ 10

1957లో కెనడాలో వెర్నర్ కలో, డిబుకెయిన్ అనే మందుతో ఈ ఎంజైము నాణ్యతను కొలిచే పద్ధతి చెప్పాడు. మామూలువాళ్లకు 80 చుట్టూ, ఎంజైము నాణ్యత బాగా తగ్గినవాళ్లకు 20 చుట్టూ వస్తుంది. ఒకే మందు ఇద్దరి ఒంట్లో రెండు రకాలుగా ఎందుకు నడుస్తుందో వంశంలో వెతికే శాస్త్రానికి తొలి పాఠాల్లో ఇదొకటి. వైశ్యుల్లో కనిపించేది నాణ్యత తగ్గిన ఎంజైము కాదు, దాదాపు ఎంజైమే లేని రకం.

సెప్టెంబర్ 12

సిరంజి లేబుళ్లు. అంతర్జాతీయ పద్ధతిలో నిద్రమందుకు పసుపు, ఓపియాయిడ్‌కు నీలం, అట్రోపిన్ జాతికి ఆకుపచ్చ, మజిల్ రిలాక్సెంట్‌కు ఎరుపు. ఎరుపు ఎందుకో విడమరచి చెప్పనక్కర్లేదు.

కొత్తగా చేరిన టెక్నీషియన్ మూడు సిరంజిలను తెల్ల ప్లాస్టర్ మీద పెన్నుతో రాసి వరసగా పెట్టాడు. అక్షరాలు చక్కగానే ఉన్నాయి. అయినా మార్పించాను. వాంతుల మందు అనుకుని, మెలకువగా ఉన్న మనిషికి అట్రాక్యూరియం ఎక్కించడానికి ఒక్క క్షణం పరధ్యానం చాలు. ఇలాంటివి ప్రపంచమంతటా నమోదై ఉన్నాయి.

అలా జరిగితే ఏం చేయాలో కూడా అతనికి చెప్పాను. ఆక్సిజన్, మాస్కుతో ఊపిరి, వెంటనే నిద్రమందు. ఈ మూడింటితో పాటు పేషెంటు చెవి దగ్గర నోరు పెట్టి ఒక మాట: "కండరాలకు మందు పడింది, అందుకే కదలలేకపోతున్నారు. మేం ఊపిరి ఇస్తున్నాం. ఏం కాదు, నిద్రపోతారు." ఆ క్షణంలో ఆ మనిషికి తాను చచ్చిపోతున్నానో, చచ్చిపోయానో తెలియదు. మందు పనిచేసేలోపు మాటే మందు.

ఇంకొకటి. ఓటీ నుంచి పంపే ముందు క్యాన్యులాను సెలైన్‌తో కడగాలి. గొట్టంలో మిగిలిన రిలాక్సెంట్ చుక్కలు వార్డులో యాంటీబయాటిక్ ఇచ్చేటప్పుడు లోపలికి పోతాయి.

సెప్టెంబర్ 14

రాత్రి క్యాజువాలిటీకి పిలుపు. తలకు దెబ్బ తగిలిన కుర్రవాడు, ట్యూబ్ వేయాలి. కెటమిన్, రోక్యూరోనియం. ట్యూబ్ సరిగ్గా పడింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను గడియారం చూశాను. ఆ ఒక్క మోతాదు కెటమిన్ పది, ఇరవై నిమిషాలు. ఎటోమిడేట్ అయితే అంత కూడా ఉండదు. రోక్యూరోనియం ట్యూబ్ మోతాదులో గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. మధ్యలో మిగిలిన నలభై నిమిషాలు ఎవరివి? స్కానుకు తీసుకెళ్లడం, బ్లడ్ గ్రూపు, పోలీసు కాగితం, బంధువుల సంతకం. కుర్రవాడు కదలడం లేదు కాబట్టి ఎవరికీ తొందర లేదు.

2021లో వెలువడిన అధ్యయనంలో, అమెరికాలోని ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో వెంటిలేటర్ మీద ఉన్న 383 మందిని తర్వాత కలిసి అడిగారు. పదిమంది, అంటే 2.6 శాతం, పక్షవాతంలో మెలకువ అనుభవించారు. రోక్యూరోనియం పడ్డవాళ్లే అందులో ఎక్కువ.

పరిష్కారం పెద్ద ఖరీదైనదేమీ కాదు. ట్యూబ్ మందులు తీసేటప్పుడే మత్తు ఇన్ఫ్యూజన్ సిరంజి కూడా నింపి పంపులో పెట్టుకోవాలి. ట్యూబ్ పడగానే పంపు నొక్కాలి. స్కాన్ ఆ తర్వాత.

సెప్టెంబర్ 17

ఐసీయూ రౌండు. కోవిడ్‌లో బోర్లా పడుకోబెట్టి, కండరాలు స్తంభింపజేసి, రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉంచిన పేషెంట్లు గుర్తొచ్చారు. మత్తు ఎంత లోతుగా ఉందో కొలిచే స్కేళ్లన్నీ పిలిస్తే కళ్లు తెరుస్తాడా, చెయ్యి కదుపుతాడా అనే వాటి మీదే నడుస్తాయి. రిలాక్సెంట్ పడ్డాక ఆ స్కేల్‌లో వచ్చే అంకెకు అర్థం లేదు. అందుకని వరస ముఖ్యం. ముందు లోతుగా నిద్రపుచ్చాలి, స్కేల్‌తో చూసుకోవాలి, ఆ తర్వాతే రిలాక్సెంట్. అది నడుస్తున్నంతసేపూ నిద్రమందు తగ్గించకూడదు. ఆపేటప్పుడు తిరుగు వరస.

నర్సులను ఒక అలవాటు చేసుకోమని అడిగాను. మంచం పక్కకు ఎవరు వెళ్లినా పేరు పెట్టి పిలిచి, ఏం చేయబోతున్నారో చెప్పి చేయాలి. ఒక సిస్టర్ నవ్వింది: "వినబడదు కదా మేడమ్." వినబడకపోతే మన మాట వృథా. వినబడితే? అన్నాను. సిస్టర్ ఇంకేం అనలేదు, పక్క మంచం దగ్గరకు వెళ్లి "అమ్మా, పక్క తిప్పుతున్నాం" అంది.

సెప్టెంబర్ 19

గుంటూరులో 2017లో 'బాహుబలి' చూపిస్తూ మెదడు ఆపరేషన్ చేశారు. మన గాంధీ ఆసుపత్రిలో 2022లో చిరంజీవి 'అడవి దొంగ' చూపిస్తూ చేశారు. పేపర్లు పండగ చేసుకున్నాయి. ఆపరేషన్‌లో మెలకువ భయంకరం అంటున్న నాకు ఇది గుర్తుచేయాల్సిన విషయమే. అక్కడ పేషెంటుకు ముందే చెప్పారు, నొప్పి లేకుండా చేశారు, నోరు తెరిచి మాట్లాడనిచ్చారు. మెలకువ ఒక్కటే అయితే మనిషి తట్టుకోగలడు. తట్టుకోలేనిది చెప్పుకోలేకపోవడం.

సెప్టెంబర్ 22

బతుకమ్మ మొదలైంది. క్యాంపస్‌లో అమ్మాయిలు గునుగు, తంగేడు పేర్చుకుంటున్నారు. సేటుగారి ఆపరేషన్ రేపు.

సెప్టెంబర్ 23

అయింది. స్కోలిన్ ట్రేలోనే లేకుండా చూశాను. అదే ఎంజైము కరిగించే మైవాక్యూరియం కూడా వద్దని ఫైలు మీద రాయించాను. రోక్యూరోనియం ఇచ్చాం, బొటనవేలి దగ్గర స్టిమ్యులేటర్ పెట్టాం. ఊపిరితో బయటికి వచ్చే గ్యాస్ శాతాన్ని మానిటర్ చూపిస్తుంది. వయసుకు తగిన 0.7 మ్యాక్ (గ్యాస్ మోతాదుకు కొలమానం) కంటే కిందికి పడిపోతే అలారం మోగేలా పెట్టాం. వేపరైజర్ నిండా ఉందో లేదో పీజీ చేతే చూపించాను. గ్యాస్ లేకుండా ప్రొపోఫాల్ పంపుతో చేసే కేసయితే క్యాన్యులా ఉన్న చెయ్యి గుడ్డల కింద దాక్కోకూడదు. మందు రక్తనాళంలోకి కాక చర్మం కిందికి పోతున్నా పంపు మాత్రం అంతా బాగున్నట్టే చూపిస్తుంది.

"బిస్ పెడితే సరిపోదా మేడమ్?" అని పీజీ. నుదుటి మీద స్టిక్కర్, మెదడు తరంగాల నుంచి ఒక అంకె. 2004లో ఒక పెద్ద అధ్యయనం ఎంతో ఉపయోగమంది. 2008లో మరొకటి, గ్యాస్ అలారం పెట్టుకుని జాగ్రత్తగా చేసినవాళ్లకంటే బిస్ వల్ల అదనపు రక్షణ కనబడలేదంది. గ్యాస్ లేని కేసుల్లో, రిలాక్సెంట్ వాడుతున్నప్పుడు, పెట్టుకోవడం మంచిదే. మళ్లీ లారీ కథే కదా: అదొక్కటే చాలు అనుకోకూడదు.

కండరాలు పూర్తిగా తిరిగొచ్చాకే గ్యాస్ కట్టాం.

సెప్టెంబర్ 24

సేటుగారిని అడిగిన ప్రశ్నలు: నిద్రపోయే ముందు చివరగా గుర్తున్నదేమిటి? లేచాక మొదట గుర్తున్నదేమిటి? ఈ రెంటి మధ్య ఏమైనా గుర్తుందా? కల వచ్చిందా? అన్నిటికంటే ఇబ్బంది పెట్టినదేమిటి?

1970 నుంచీ ఉన్న ప్రశ్నలివి, బ్రైస్ పేరు మీద. "బాగున్నారా?" అని అడిగితే పేషెంటు బాగున్నానంటాడు, డాక్టరు వెళ్లిపోతాడు. ఇలా విడివిడిగా అడిగితేనే బయటికి వస్తుంది, అదీ ఒక్కోసారి రోజుల తర్వాత.

ఆయనకు మధ్యలో ఏమీ గుర్తులేదు. అన్నిటికంటే ఇబ్బంది, పొద్దున్నే చాయ్ ఇవ్వకపోవడమట.

సెప్టెంబర్ 27

బ్రిటన్, ఐర్లాండ్‌ల మత్తు డాక్టర్లు 2014లో వెలువరించిన పెద్ద నివేదిక మళ్లీ చదివాను. మెలకువ ఫిర్యాదులు సగటున 19,000 మత్తులకు ఒకటి. రిలాక్సెంట్ వాడినప్పుడు 8,200కు ఒకటి. వాడనప్పుడు 1,36,000కు ఒకటి. మొత్తం మత్తుతో చేసిన సిజేరియన్లలో 670కి ఒకటి. ఎక్కువ భాగం ఆపరేషన్ నడిమధ్యలో జరగలేదు. నిద్రపుచ్చే వేళ, లేపే వేళ జరిగాయి. సేటుగారి చిన్నమ్మ లాంటి ఎంజైము కేసులు కూడా అందులో ఉన్నాయి. ఎక్కువగా వేధించింది నొప్పి కాదు, కదలలేకపోవడం.

ఇవి తమంతట తాము చెప్పుకున్నవాళ్ల లెక్కలు. ఇంకో పద్ధతి ఉంది, 1977లో టన్‌స్టాల్ చెప్పింది: రిలాక్సెంట్ ఇచ్చే ముందు ఒక చేతికి పట్టీ బిగిస్తే మందు ఆ చేతికి చేరదు, ఆ చెయ్యి కదలగలదు. "వింటుంటే నా చెయ్యి నొక్కండి" అని అడుగుతారు. 2017లో వెలువడిన అధ్యయనంలో పలు దేశాల ఆసుపత్రుల్లో 260 మందిని ట్యూబ్ వేశాక అలా అడిగితే 12 మంది నొక్కారు. తర్వాత చాలామందికి గుర్తులేదు. గుర్తులేకపోతే జరగనట్టేనా? దీనికి నా దగ్గర తయారుగా జవాబు లేదు. పీజీల దగ్గర కూడా ఉండకూడదనే కోరుకుంటాను.

అక్టోబర్ 5

సేటుగారి చిన్నమ్మను చూశాను. కొట్టుకు వచ్చి కూర్చుంది. ఎనభై దాటిన మనిషి. ఎంజైము సంగతి, మందు దిగకపోవడం సంగతి ఆవిడకు చెప్పాను. అంతా విని సేటుగారి వైపు తిరిగి, "నేను అప్పుడే చెప్పలే?" అంది. ఆ ఒక్క మాటకే ఇన్నేళ్లు పట్టింది. వైద్యం చేయలేని చోట కూడా నమ్మడం అనే పని ఒకటి మిగిలి ఉంటుంది.

అక్టోబర్ 16

ప్రపంచ అనస్థీషియా దినోత్సవం. 1846లో ఇదే రోజున బోస్టన్‌లో మార్టన్ ఈథర్ ఇచ్చి చూపించాడు. మా డిపార్ట్‌మెంట్‌లో కేకు కోశాం, ఫోటోలయ్యాయి. ఆ తర్వాత పీఏసీ ఫారంలో కొత్త గడి చేర్చాం: "కుటుంబంలో ఎవరైనా మత్తు తర్వాత ఆలస్యంగా లేచారా? మిషన్ మీద ఉంచారా? మెలకువగా ఉన్నానని చెప్పారా?" కులం గడి పెట్టలేదు. ఈ మూడు ప్రశ్నలు ఏ ఇంటివాళ్లనైనా పట్టుకుంటాయి. అనుమానం వస్తే మిగతాది నోటితో అడగొచ్చు.

సాయంత్రం సేటుగారు లామినేషన్ చేయించిన కార్డు చూపించాడు, నేను రాసిచ్చినదే: స్కోలిన్, మైవాక్యూరియం ఇవ్వరాదు. కుటుంబం గ్రూపులో ఫోటో పెట్టాడట. ఇద్దరు తమ్ముళ్లు, ఒక మేనకోడలు పరీక్షకు వెళ్తున్నారు. ఒక పెద్దాయన మాత్రం ఫోన్ చేసి తిట్టాడట, ఇంట్ల పెండ్లికి ఎదిగిన పిల్లలుండగ ఇట్లాంటివి ఊరంత చాటుతరా అని.

"మరి సంబంధాలు చూసేటప్పుడు బయోడేటాల ఇది గూడ రాయాల్నా డాక్టరమ్మా?"

అక్కర్లేదన్నాను. ఈ లోపంతో కాపురాలు సాగుతాయి, పిల్లలు పుడతారు, కొట్లు నడుస్తాయి, వంద తరాలుగా నడిచాయి కూడా. పెళ్లి కాగితం మీద దీనికి పని లేదు. ఆపరేషన్ ఫైలు మొదటి పేజీలో, ఎర్ర ఇంకుతో రాయించుకోండి. ఆ పేజీ మత్తు డాక్టరు చదివేదాకా బల్ల ఎక్కకండి.